ఎర్ర దారం కట్టిన పుస్తకం

ఫిబ్రవరి 9

చెల్లాయ్,

నీ పార్సిలు శనివారం ముట్టింది. ముప్పై నోటుపుస్తకాలూ క్షేమం, ఒక్క మూల కూడా నలగలేదు. నేనూ క్షేమమే, మోకాళ్ళ సంగతి మాత్రం అడక్కు. మీ బావగారు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, ఇందులో ఏమీ లేదని రోజూ విసుక్కుంటున్నారు. మానెయ్యమంటే మానరు.

ఎర్ర దారం కట్టిన పుస్తకం వెతికి, వెనక అట్ట జేబులోంచి నీ ఉత్తరం తీసుకున్నాకే మిగతావి దుకాణానికి పంపాను. విడిగా స్టాంపు దండగ అని నువ్వు పెట్టిన పద్ధతి బాగానే ఉంది. దుకాణం ఆయన మాత్రం "ఒక్కదానికే ఈ దారమేంటమ్మా" అని ప్రతిసారీ అడుగుతాడు. లెక్క తప్పకుండా ఉండటానికి అన్నాను. ఏం లెక్కో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

జనం బూడిద రంగు క్యాలికో గుడ్డ అంటించిన అట్టలే అడుగుతున్నారట. మూలలు గుండ్రంగా కోస్తే సంచిలో వేసుకున్నప్పుడు విరగవట. మా మరిది ఉంటే "గుండ్రం మూలలు బద్ధకస్తుల పని" అని కత్తి కింద పెట్టేసేవాడు. ఆయన పోయి రెండేళ్ళయింది, అయినా నీ మొగుణ్ణి అడక్కుండా మూల కొయ్యమని చెప్పడానికి నాకు ఇప్పటికీ జంకే. నీ ఇష్టం మరి.

మీ అన్నయ్య మొన్న ఫోన్ చేశారు. ఫోన్లో నాకు వినబడి చావదని ఆయనకెవరు చెబుతారు? "ఆ, ఆ" అంటూ పది నిమిషాలు గడిపాను. దేనికి ఒప్పుకున్నానో ఏమో. నాతో ఏదైనా చెప్పాలంటే కాగితం మీద పెట్టాల్సిందే అని ఆయనకి చెప్పు.

నిన్న కిటికీ గది ఊడ్చాను. మీ ఇద్దరి పని బల్ల అక్కడే ఉంది, దాని మీద జిగురు మరకలూ అక్కడే ఉన్నాయి. గది ఖాళీగానే ఉంది. రమ్మని నేను అడగను. పుట్టింటికి వెళ్ళిన రోజున నువ్వు ఎవరినీ అడిగి వెళ్ళలేదుగా. ఊరికే రాశాను, ఊడ్చిన సంగతి.

తోడికోడళ్ళంటే పోట్లాడుకోవాలట. పోట్లాడటానికైనా మనిషి ఎదురుగా ఉండాలి కదా.

మీ అక్క


ఫిబ్రవరి 20

అక్కా,

నీ ఉత్తరం ఆరుసార్లు చదివాను. గది ఊడ్చానన్న చోట ప్రతిసారీ ఆగిపోయాను.

ఇక్కడ అందరూ మంచివాళ్ళు. అన్నయ్య మంచివాడు. వదినా మంచిదే, నా కంచంలో వడ్డించాకే తను కూర్చుంటుంది. నేను పని చేసుకునే గది ఇప్పుడు పిల్లలకి కావాలి. పెద్దదానికి పరీక్షలు, చిన్నది పక్కనుంటే చదవలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. "పుస్తకాలు నొక్కే ఆ ప్రెస్సు ఎక్కడ పెట్టుకుంటావమ్మా" అని వదిన అడిగింది. ఎక్కడైనా ఫర్వాలేదన్నాను.

అన్నాక తెలిసింది అక్కా, రెండేళ్ళుగా నేను ఈ ఒక్క మాటే అంటున్నాను. ఏం వండమంటావంటే ఏదైనా ఫర్వాలేదు. ఏ రంగు బట్ట కావాలంటే ఏదైనా ఫర్వాలేదు. జ్వరంగా ఉందా అని అడిగినా ఫర్వాలేదే. వాళ్ళు అడగడం కూడా తగ్గించారు.

నాకు ఏడుపు రాదు. ఆయన పోయిన రోజున రాలేదు, తర్వాతా రాలేదు. ఇక్కడ దాన్ని ధైర్యం అనుకుంటున్నారు. పుస్తకం కుట్టేటప్పుడు మైనం రాసిన దారం కాగితాల్లోంచి లాగితే చిన్న చప్పుడవుతుంది చూడు, ఆ కాస్సేపు మాత్రం నేను ఉన్నట్టు తెలుస్తుంది. ఆ చప్పుడు నేను మొదట విన్నది మీ కిటికీ గదిలోనే. ఆయన కుట్టు నేర్పిస్తుంటే నువ్వు గుమ్మంలో నిలబడి నా కుట్లు వంకరని నవ్వావు.

ఆ గదిలో ఆయన కుర్చీ చూడలేక వచ్చేశాను. ఇప్పుడు చూడగలననుకుంటున్నాను.

నేను వచ్చేయనా? ఆ బల్ల దగ్గర పని చేసుకుంటూ మీతోపాటు ఉంటాను.

బావగారికి ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆయనతో మాట్లాడి చూడు. రమ్మనేటట్టయితే "రా" అని ఒక్క మాట రాయి. వద్దనుకుంటే వద్దని రాయకు, చదవలేను. మామూలుగా పని సంగతులు రాసెయ్. నేను అర్థం చేసుకుంటాను. ఈ ఊసు మళ్ళీ ఎత్తను. మన మధ్య ఏమీ మారదు.

ఇది వదిన కంటబడితే "మేమేం తక్కువ చేశాం" అని బాధపడుతుంది. అందుకని పూర్తయిన ఒక పుస్తకం జేబులో దాస్తున్నాను. పార్సిలు కట్టే రోజున దానికి ఎర్ర దారం కడతాను.

నీ చెల్లి


ఫిబ్రవరి 23

మొత్తం ఇరవై నాలుగు. అన్నీ బూడిద రంగే, అన్నిటికీ వెనక జేబు ఉంది. మూలలు గుండ్రంగా కోశాను. సన్న సూదులు అయిపోయాయి. దొరికితే పంపు.


మార్చి 6

చెల్లాయ్,

పార్సిలు ముట్టింది. జేబులో నీ కాగితం చూశాను. మీ బావగారు పేపరు పక్కన పెట్టి మరీ ఏమైందని అడిగారంటే నా మొహం ఎలా ఉందో ఊహించుకో. సరేలే, ఎవరి వీలు వాళ్ళది.

మూలలు బాగా కుదిరాయి. దుకాణం ఆయన వేలితో రాసి చూసి ముచ్చట పడ్డాడు. జేబుకి వేసిన బట్ట మాత్రం ఇంకాస్త మందంగా ఉండాలన్నాడు. సన్న సూదులు రెండు పొట్లాలు పంపుతున్నాను.

ఇంకో సంగతి. కిటికీ గది అద్దెకిచ్చాం. ఇళ్ళ ప్లాన్లు గీసే ఆయన, ఒంటరివాడు. పొద్దున ఏడింటికి ఈల మొదలుపెడతాడు. వినబడని నాకే వినబడుతోందంటే చూసుకో. గది ఎన్నాళ్ళని ఖాళీగా ఉంచుతాం. మీ పని బల్ల ఆయనకి నచ్చింది. దాని మీదే గీసుకుంటున్నాడు.

పని బాగా సాగుతోందిగా, సాగనీ.

మీ అక్క


మార్చి 19

అక్కా,

సూదులు ముట్టాయి. నువ్వు రాసింది అర్థమైంది. బల్ల వాడకంలో ఉండటం మంచిదే. చెక్క వాడకపోతే బీటలు వారుతుంది.

జేబు బట్ట మందంగా వేస్తాను. ఈసారి పదహారు.

నీ చెల్లి


ఏప్రిల్ 11

చెల్లాయ్,

ఎర్ర దారం పుస్తకంలో మళ్ళీ మూడే ముక్కలు. ఇదివరకు నాలుగు పేజీలు రాసి, పేజీ చాలక అంచుల వెంట కూడా రాసేదానివి. ఇప్పుడు నీ ఉత్తరం చదవడానికి నాకు కళ్ళజోడు వెతుక్కునేంత సేపు కూడా పట్టడం లేదు.

పుస్తకాలూ తగ్గాయి. ముప్పై, ఇరవై నాలుగు, పదహారు. బూడిద రంగు అట్టలు, గుండ్రం మూలలు, వెనక జేబు, అచ్చం ఇలాంటివే వేరే ఊళ్ళో ఎవరో అమ్ముతున్నారని దుకాణం ఆయన అన్నాడు. నేనేమీ అనడం లేదు. నీకు మంచి దుకాణం దొరికితే సంతోషమే. ఆ మాట నీ నోటితో చెబితే బాగుంటుందని, అంతే. నేను మూతి ముడుచుకుంటానని భయపడుతున్నావేమో. ముడుచుకుంటాను. రెండు రోజుల్లో అదే విప్పుకుంటాను. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నావుగా.

ఈలాయన నిన్న బల్ల మీద సిరా ఒలకబోశాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన బల్ల కాదని చెప్పబోయి, ఎవరి బల్లని చెప్పాలో తెలియక వచ్చేశాను.

మీ అక్క


మే 2

అక్కా,

వేరే దుకాణం లేదు. వేరే ఊళ్ళో అమ్ముతున్నవి నావి కావు.

పని వంటింట్లోకి మార్చాను. అందరి భోజనాలూ అయి, గచ్చు తుడిచాక, అది ఆరేవరకూ ఆగి కాగితాలు పరుచుకుంటాను. మళ్ళీ స్టవ్ వెలిగించే వేళకి తీసెయ్యాలి. ప్రెస్సు వరండాలో ఉంది. దాని మీద నీళ్ళ బిందె పెడుతున్నారు. జిగురు ఆరకముందే తీయాల్సి రావడంతో కొన్ని అట్టలు వంకర తిరుగుతున్నాయి. అవి నీకు పంపడం లేదు. అందుకే తగ్గాయి.

మొన్న కన్నాలు పొడిచే సూది బొటనవేలిలో దిగింది. నొప్పి తెలియలేదు. కాగితం మీద ఎర్రగా కనబడితే చూసుకున్నాను. ఆ పుస్తకం పక్కన పెట్టేశాను.

ఈసారి పదకొండు.

నీ చెల్లి


మే 24

చెల్లాయ్,

బొటనవేలు ఎలా ఉంది? డాక్టరుకి చూపించావా లేదా? మూడు ముక్కల్లో ఒక ముక్క అదే రాయి.

వంటింట్లో పనేమిటి? నీళ్ళ బిందె ఏమిటి? మీ అన్నయ్య ఇంట్లో అంత ఇరుకైతే నాతో ఒక్కసారైనా అన్నావా? నిన్ను నేను బయటిదానిలా ఎప్పుడైనా చూశానా? మీ బావగారు కూడా "ఆ అమ్మాయి మనతో ఏదీ చెప్పుకోదేంటి" అన్నారు. ఆయన అంత పొడుగు వాక్యం అనడమే గొప్ప. నువ్వు చెప్పవు, నేను అడగను, ఇద్దరికీ పౌరుషాలకేమీ తక్కువ లేదు.

దుకాణంలో పుస్తకాలు అయిపోయాయి. వచ్చినవాళ్ళు ఖాళీ అర చూసి వెళ్ళిపోతున్నారట.

మీ అక్క


జులై 3

అక్కా,

వేలు మానింది.

నీ ఉత్తరం చాలాసేపు చేతిలో పట్టుకున్నాను. ఏమీ జరగనట్టే రాస్తున్నావు. అది నీ మంచితనమే అనుకుంటున్నాను. ఎత్తనన్న ఊసు నేనూ ఎత్తను. మాటిచ్చాను కదా.

ఆగస్టు ఒకటి నుంచి ఇక్కడి మందుల కంపెనీలో చేరుతున్నాను. మందుల అట్టపెట్టెలు మడిచి అంటించే పని. జిగురు వాళ్ళే ఇస్తారు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా. అన్నయ్యకి తెలిసినాయన చెప్పి ఇప్పించాడు. చేరతావా అని అడిగితే ఫర్వాలేదన్నాను.

ఇవి ఆఖరి ఎనిమిది పుస్తకాలు. ప్రెస్సు ఒక బైండింగు ఆయన తీసుకుంటానన్నాడు. అది మీ మరిది తన చేతులతో చేసుకున్నదని నీకు తెలుసు. నాకేమీ అనిపించలేదు. అనిపించాలేమోనని కాసేపు దాని పక్కన కూర్చున్నాను కూడా. అనిపించలేదు.

దుకాణం ఆయనకి నా తరఫున నువ్వే చెప్పు.

నీ చెల్లి


జులై 28

చెల్లాయ్,

రా.

ముందు ఈ మాట రాసి తర్వాత మిగతాది రాస్తున్నాను. ఇంకేదీ చదవకపోయినా ఫర్వాలేదు, ఈ ఒక్క మాటా చదువు. రా.

నీ పోయిన ఉత్తరంలో "ఎత్తనన్న ఊసు" అన్నావు. ఏ ఊసో నాకు అంతు పట్టలేదు. ఇరవై రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మీ బావగార్ని అడిగితే "మీరిద్దరూ మాట్లాడుకునేది నాకెప్పుడు అర్థమైంది కనక" అన్నారు. నీ పాత ఉత్తరాలన్నీ ముందేసుకున్నాను. ఫిబ్రవరి నుంచి అన్నీ మూడు ముక్కలవే, వాటిలో ఏ ఊసూ లేదు.

నిన్న దుకాణం ఆయన ఒకావిడని ఇంటికి తీసుకొచ్చాడు. ఆవిడ నర్సు. మార్చిలో నాకు ముట్టిన పార్సిల్లోంచి ఒక బూడిద రంగు పుస్తకం ఆవిడ కొనుక్కుంది. రోజూ డ్యూటీ దిగాక ఒక పేజీ రాసుకుంటుందట. దాదాపు ఐదు నెలలు పట్టింది చివరి పేజీకి రావడానికి. అట్ట మందంగా తగులుతుంటే బైండింగే అంత అనుకుందట. చివరి పేజీ తిప్పాక జేబు కనబడింది. అందులో నీ ఉత్తరం ఉంది.

"చదివాను, క్షమించండి. పేరు లేదు, అక్కా అని మాత్రమే ఉంది. దుకాణంలో అడిగితే మీ ఇల్లు చెప్పారు" అంది. తర్వాత "ఆవిడ వచ్చేసిందా?" అని అడిగింది.

దుకాణం ఆయన తల దించుకున్నాడు. ఆవిడ ఇంకేమీ అడక్కుండా నా చేతిలో ఉత్తరం పెట్టి వెళ్ళిపోయింది.

మార్చిలో నేను చూసింది లెక్క రాసిన కాగితం, చెల్లీ. ఎర్ర దారం పుస్తకంలో అదొక్కటే ఉంది. గది ఊడ్చానని రాస్తే, జవాబుగా ఇరవై నాలుగు, బూడిద రంగు, సూదులు పంపు అని వచ్చింది. రెండేళ్ళ పాటు ఆ గది నీకోసమే ఖాళీగా ఉంచాను. నీ జవాబు అదేనని నాకు నేనే చెప్పుకొని, ఆ వారమే అద్దెకిచ్చేశాను. ఇచ్చి, ఆ సంగతి నీకే రాశాను. పని సంగతులన్నీ ముందు రాసి మరీ రాశాను. ఏది రాస్తే నువ్వు వద్దన్నట్టు అనుకుంటావో సరిగ్గా అదే రాశాను. మే నెలలో ఒక్కసారైనా అన్నావా అని నిన్నే దబాయించాను. అది తలుచుకుంటే నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఈలాయనతో ఎలా చెప్పాలో తెలియక నీ ఉత్తరమే చేతికిచ్చాను. తప్పు చేశానేమో, నాకు వేరే దారి తోచలేదు. చదివాడు. సాయంత్రానికల్లా మంచం వెనక గదిలోకి మార్చుకున్నాడు. అక్కడ వెలుతురు లేదంటే, దీపం ఉందిగా అన్నాడు. ఈల కూడా వెయ్యలేదు.

గది ఊడ్చాను. బల్ల మీద సిరా మరక పోలేదు. జిగురు మరకల పక్కన అదొకటి ఉంటుంది.

మరిది కుర్చీ అక్కడే ఉంచాను. తీసెయ్యమంటే తీసేస్తాను.

ఇది పుస్తకంలో పెట్టలేదు. కవర్లో పెట్టి, స్టాంపులు అతికించి, నా చేత్తో నేనే డబ్బాలో వేస్తున్నాను. ఎవరు చదివినా చదవనీ.

మీ అక్క


ఆగస్టు 7

అక్కా,

కవరు ముట్టింది. వదినే తెచ్చిచ్చింది.

ఆ రోజు పార్సిలు కడుతుంటే వదిన సాయం చేస్తానని పక్కన కూర్చుంది. ఇరవై నాలుగూ ఒకేలా ఉన్నాయి. ఉత్తరం ఉన్నది పై పుస్తకంలోనే అనుకొని దానికి దారం కట్టాను. ఆవిడ చూస్తుండగా జేబు తెరిస్తే కనబడుతుందని, తెరిచి చూసుకోలేదు. లెక్క కాగితం ఒక్కటి చూడకుండానే పైనుంచి దోపేశాను. మధ్యలో పిల్లలు వరస మార్చి ఉంటారు. ఎవరినీ అనడానికి లేదు.

ప్రెస్సు జులై పన్నెండున తీసుకెళ్ళిపోయారు. నీ ఉత్తరం అప్పటికి రాలేదు. మడతలు నొక్కే బద్ద, సూదులు, ఆయన కత్తి నా దగ్గరున్నాయి.

పనిలో చేరాను. పెట్టెలు రోజుకి ఎనిమిది వందల దాకా అంటిస్తాను. సూపర్‌వైజరు బాగుందన్నాడు.

నువ్వు "రా" అని రాశావు. చదివాను. చాలాసార్లు చదివాను. ఐదు నెలలు నువ్వు వద్దన్నావనుకొని దానికే అలవాటు పడ్డాను అక్కా. ఇప్పుడు రమ్మన్నావని కళ్ళకి తెలుస్తోంది, లోపల ఎక్కడా తెలియడం లేదు. సంతోషించాలని ఉంది. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఒక్క పని చెయ్యి. ఆ గది తాళం చెవి పంపు. కాగితం మీద ఉన్నది నమ్మలేకపోతున్నాను. చేత్తో పట్టుకుంటే తెలుస్తుందేమో.

కుర్చీ ఉండనీ.

నీ చెల్లి


ఆగస్టు 14

చెల్లాయ్,

తాళం చెవి ఇందులోనే ఉంది. రెండోది లేదు. ఇప్పుడు ఆ గదికి తాళం వేస్తే నేను కూడా తెరవలేను, కాబట్టి వెయ్యలేదు.

ప్రెస్సు పోయిందని చదివి మీ బావగారు పేపరు మడిచి లేచారు. బల్ల మీద అది నిలబడ్డ చోట చెక్క రంగు వేరుగా ఉంది, నాలుగు మూలలూ తెలుస్తున్నాయి. ఈలాయన ఆ గుర్తు కొలిచి కొత్తదానికి ప్లాను గీశాడు. ఇళ్ళకి గీసినట్టే గీశాడు, తలుపులు లేవంతే. వడ్రంగికి ఇచ్చాం. మరిది చేసినట్టు రాదు. అది నాకూ తెలుసు.

నీకు సంతోషం వస్తేనే రావాలని లేదు. రాకపోయినా రా. ఇక్కడ ఎవరూ నిన్ను సంతోషంగా ఉండమని అడగరు.

మీ అక్క


ఆగస్టు 25

అక్కా,

తాళం చెవి ముట్టింది. బరువుగా ఉంది. ఇంత బరువని గుర్తు లేదు. మూడు రోజులు కొంగున ముడి వేసుకొని పనికి వెళ్ళాను. నాలుగో రోజు పని మానేస్తున్నానని సూపర్‌వైజరుకి చెప్పేశాను.

వదినకి నేనే చెప్పాను. "మేమేం తక్కువ చేశాం" అంది, అనుకున్నట్టే. ఏమీ తక్కువ చెయ్యలేదు వదినా, నాకు అక్కడ బల్ల ఉంది అన్నాను. ఆవిడ ఏడ్చింది. నాకు రాలేదు. ఆవిడ కళ్ళు తుడిచాను.

నిన్న అన్నయ్య బస్సు టికెట్టు కొనడానికి నన్ను వెంట తీసుకెళ్ళాడు. గురువారం బయల్దేరి శుక్రవారం పొద్దునకి నీ దగ్గరుంటాను. సీటు ఎక్కడ కావాలని కౌంటరులో అడిగారు. అన్నయ్య నా వైపు చూడనైనా చూడకుండా, "ఎక్కడైనా ఫర్వాలేదండీ" అన్నాడు. అలవాటైపోయింది పాపం.

కిటికీ పక్కన, అన్నాను.

నీ చెల్లి